బొమ్మల బడి కబుర్లు



ఒకనాటి ఉదయమున నరసరావుపేట బస్సుస్టాండులో గురజాల బండికై వేచియున్న నా యొద్దకు, భుజముపైని తువ్వాలునుండి మిరపఘాటు ఇంకను వదలని ఒక రైతు వచ్చి, తన వెనుక బెదరుచు నిలిచిన కుమారుని చేతిలోని పొడవాటి కాగితపు గొట్టమును చూపి, "ఏంది మేష్టారూ, బొమ్మలెయ్యటానిక్కూడా కాలేజీ ఉందంట గదా! నాలుగేళ్ళంట. నాలుగేళ్ళు ఏం నేర్పుతారయ్యా ఆడ?" అని అడిగెను. ఆ పిల్లవాడు నా శిష్యుడే. ఉన్నత పాఠశాలలో చిరకాలము డ్రాయింగు చెప్పి విరమించినవాడను గనుక, ఈ ప్రాంతమున కాగితముపై గీత గీచిన ప్రతి బాలుని తండ్రియు నన్నే సంజాయిషీ అడుగుట వాడుక. నేను గొంతు సవరించుకొని ఉత్తరము చెప్పబోవునంతలో బండి వచ్చెను. కిటికీలోనుండి తువ్వాలు విసరి సీటు పట్టుకొను ఆ సంరంభములో నా ఉత్తరము నోటనే ఉండిపోయినది. ఆనాడు చెప్పలేకపోయినది ఈ సాయంకాలము, ఆకాశవాణి పుణ్యమా యని, ఆయనకును, ఆయనవంటి ఇతరులకును చెప్పుకొనుచున్నాను.

పల్నాటిలో చిత్రకళకు ప్రత్యేకించిన పెద్ద కళాశాల లేదు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు వేరు జిల్లాయై నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైన పిమ్మటను మన పిల్లలు హైదరాబాదుకో, విశాఖపట్టణమునకో, కడపకో పెట్టె సర్దుకొనవలసినదే. అట్లు పోయినవారు సెలవులకు వచ్చినపుడు చెప్పు కబుర్లు వినుట నాకు వ్యసనము. బహుమానముల ముచ్చట, వార్షిక ప్రదర్శనకు వచ్చిన పెద్దల ముచ్చట వారును చెప్పరు, నేనును అడుగను. అవి పత్రికలలో వచ్చును. మట్టితొట్టిలో నీరు ఎవరు పోయుచున్నారు, మోడలుగా కూర్చొను తాతకు జ్వరము తగ్గినదా, ఎవరి కుంచెలు ఎవరు ఎత్తుకొనిపోయిరి అనునవియే ఆ ఆవరణకు నిజమైన వార్తలు.

నా విద్యార్థిదశలో మా కళాశాల వసారాలో ఒక నల్లబల్ల ఉండెడిది. అధికారుల ప్రకటనలకు దాని కుడిసగమును, విద్యార్థుల వ్రాతలకు ఎడమసగమును కేటాయించిరి కాని, మధ్యగీత ప్రతిమాసమును కొంచెము కొంచెముగా కుడికి జరుగుచు, ఏడాది తిరుగునప్పటికి అధికారులకు జానెడు చోటు మిగిలెడిది. "నేడు మోడలు రాడు, కూజాయు, రెండు వంకాయలును గీయవలెను" అని ఒకరు వ్రాసిన దానిక్రింద, "వంకాయలు నిన్ననే కూరలో పడినవి" అని ఇంకొకరు వ్రాసెడివారు. ఆ మోడలు ఒక వృద్ధుడు. సగము జాములో నిద్రకు తూగి, తలను మెల్లమెల్లగా ఎడమభుజముపైకి వాల్చెడివాడు. అందుచేత మా యిరువది చిత్రములలోను తల యిరువది విధములుగా ఒరిగియుండెడిది. గురువుగారు వానిని గోడకు వరుసగా నిలిపి, ఒరుగుదలనుబట్టి, "నీవు పదింటికి వచ్చితివి, నీవు పదకొండింటికి గాని రాలేదు" అని తేల్చి చెప్పుచుండిరి. హాజరు పట్టీలో అబద్ధమాడినవాడు గీతలో దొరకిపోవుట మాకు తెలిసిన మొదటి పాఠము.

ఇక మట్టిపని జరుగు శాలకు వచ్చునప్పటికి, అక్కడ రాజు మట్టియే. తడి బంకమన్ను సిమెంటు తొట్టిలో గోనెపట్టాలు కప్పుకొని పడుకొనియుండును. సగములో నున్న ప్రతి శిరస్సుకును తడిగుడ్డ చుట్టవలెను. ఎండినచో నెఱ్ఱె విచ్చును, నెఱ్ఱె విచ్చినచో నెలరోజుల శ్రమ గంగపాలు. మొదటి సంవత్సరమువాని చదువులో సగము ఆ గుడ్డలను తడుపుటయే. ఒక సంక్రాంతి సెలవులలో ఆ వంతు నాది కాగా, నేను మరచి రైలెక్కితిని. తిరిగివచ్చి చూతునుగదా, పైతరగతి విద్యార్థి యొకడు తన తల్లిని తలంచుకొని చేసిన శిరస్సు చెవినుండి గడ్డమువరకు బీటవారి యున్నది. అతడు నన్నొక్క మాటయు అనలేదు. గోడమూలనుండి కొయ్యసుత్తి తెచ్చి నా చేతికిచ్చి, ఎండిన ఆ శిరస్సును చూపెను. దానిని పగులగొట్టి, నూరి, జల్లించి, నానబెట్టి, మరల మట్టి చేయుటకు నాకు వారము పట్టినది. అదే మట్టితో అతడు ఆమెను రెండవమారు చేసెను. మొదటిదానికంటె రెండవది బాగున్నదని అందరు ననిరి కాని, అతడొక్కడు మాత్రము అనలేదు.

ఆ ఆవరణలో నాకు మిక్కిలి ప్రియమైన గది శిలాముద్రణశాల. లిథోగ్రఫీ అని దానికి పేరు. 1796 ప్రాంతమున జర్మనీలో ఆలోయిస్ సెనెఫెల్డర్ అను నాటకకర్త, తన నాటకములను అచ్చొత్తించుకొనుటకు రొక్కము చాలక, చవుకదారి వెదకుచు ఈ విద్యను కనిపెట్టెను. నాటకకర్తల దారిద్ర్యమువలన లోకమునకు కలిగిన మేలు ఇంతకంటె గొప్పది నేనెరుగను. దీనికి వలయునది సున్నపురాయి. బవేరియాలోని జోల్న్‌హోఫెన్ గనులలో దొరకు రాయి, దంతమువలె నునుపును సమతయు గలది, ప్రపంచమంతటను ఈ పనికి పేరువడసినది. తైలమునకును నీటికిని గల సహజవైరమే ఈ విద్యకు మూలము. జిడ్డుగల నల్లబలపముతో రాతిపై బొమ్మ గీచి, తుమ్మబంకలో నత్రికామ్లము బొట్లు కలిపి పూసి, ఆపై నీటితో తడిపినచో, బొమ్మ గీచినచోట నీరు నిలువదు, గీయనిచోట నిలుచును. అపుడు సిరా రోలరును దొర్లించినచో, సిరా నీటిని వదలి జిడ్డును మాత్రమే పట్టుకొనును. కాగితము పరచి యంత్రము క్రిందికి త్రోసితిమా, కుడి యెడమై బొమ్మ దిగును. కనుక సంతకమును తిరుగవేసి వ్రాయుట నేర్చుకొననివాడు, తన పేరు తానే చదువలేని స్థితిలో పడును.

ఇంత చదువునకును ముందు నూరుడు కలదు. ఒక బొమ్మ ముగిసిన పిదప రాయి మరియొకనికి దక్కును. వాడు దానిపై నీళ్ళు చల్లి, ఇసుకవంటి గరుకుపొడి వేసి, మరియొక రాతిని బోర్లించి, ఎనిమిది అంకె చుట్టినట్లు గంటలకొలది త్రిప్పవలెను. ముందటివాని బొమ్మ పూర్తిగా అరిగిపోవువరకు త్రిప్పవలెను. భుజములు పడిపోవును. అరిగినదనుకొన్న బొమ్మ ఒక్కొక్కప్పుడు చావదు. జిడ్డు రాతిలోనికి దిగియుండుటచేత, అచ్చులో లీలగా మరల తేలును. నేను గోదావరి ఒడ్డున కూర్చున్న ముసలమ్మను గీచి మొదటి ప్రతి తీయగా, ఆమె ఒడిలో నేను గీయని మేకచెవి ఒకటి కనబడెను. నాకు ముందెవడో ఆ రాతిపై మేకను గీచియుండెను. నేను సిగ్గుపడి దానిని గీకివేయబోగా గురువుగారు, "ఉండనీవోయ్, ఎవరి మేకో పాపం" అనిరి. ఆ ప్రతి ఇప్పటికిని మా యింటి గోడపై నున్నది. చూడవచ్చినవారెల్లరు ముసలమ్మను వదలి మేకచెవిని గూర్చియే అడుగుదురు.

తెలుగునాట ఈ ఆవరణజీవితము గోడలకంటె ముందే పుట్టినది. రాజమహేంద్రవరమున ప్రభుత్వ కళాశాలకు 1909 మొదలు పదియేండ్లు అధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్‌డ్రే దొర, తాను చిత్రకారుడును కవియును అగుటచేత, ఉత్సాహముగల విద్యార్థులను గోదావరి గట్టునకు తీసికొనిపోయి బొమ్మలు గీయించుచుండెను. అడివి బాపిరాజును, దామెర్ల రామారావును ఆ గుంపులోనివారే. రామారావు బొంబాయిలోని జె. జె. కళాశాలలో చదివివచ్చి, రాజమండ్రిలో మిత్రులను కూర్చుకొని చిత్రకళాశాల నెలకొల్పెను. ఆయన భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే యగుటచేత, బడియేదో, యిల్లేదో తెలియని పరిస్థితియని ఊహింపవచ్చును. 1925లో మశూచికము ఆయనను ఇరువది యెనిమిదవ యేటనే తీసికొనిపోయినది. మిత్రుడు వరదా వెంకటరత్నము ఆ బడిని చిరకాలము నడిపెను. వెంకటరత్నముగారి ఓర్పును గూర్చి మన కళాచరిత్రకారులు చాలినంత వ్రాయలేదని నా ఫిర్యాదు. బొమ్మ వేయువానికి దొరకిన కీర్తి, బడి తలుపు ప్రతి ఉదయమును తెరచువానికి దొరకదు.

బందరు కథ వేరు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు పూనుకొని 1910లో తెరచిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువును చేతిపనియు ఒకే కప్పు క్రింద చేర్చిరి. జాతీయపతాకమునకు రూపము కూర్చిన పింగళి వెంకయ్యగారును అక్కడ ఉపాధ్యాయులుగా పనిచేసినవారే. వంగదేశమునుండి ప్రమోదకుమార చటోపాధ్యాయుడు వచ్చి అక్కడ చిత్రలేఖనము నేర్పగా, బాపిరాజు ఆయన శిష్యుడయ్యెను. పిదప 1934 మొదలు అయిదేండ్లు ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యెను. మద్రాసులో 1929 మొదలు దేవీప్రసాద్ రాయ్ చౌధురి శిల్పకళాశాలను ఏలెను; హైదరాబాదులో 1940లో కళాశాల ఏర్పడెను. వీనిని పేర్కొని సాగిపోవుదును, ఏలయనగా నా దారి బాపిరాజు వెంట పల్నాటికి తిరుగుచున్నది. ఆయన 'అడివి శాంతిశ్రీ' నవలకు రంగస్థలము ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. అనగా మన నాగార్జునకొండ లోయ.

ఆ లోయ ఇప్పుడు నీటి క్రింద నున్నది. 1955 డిసెంబరులో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరుగుటకు ముందే ఆరంభమైన త్రవ్వకములు 1960 వరకు సాగి, దొరకిన శిల్పములను, కట్టడములను కొండమీదికిని, ఒడ్డుననున్న అనుపునకును చేర్చినవి. విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కి, చిత్రకళావిద్యార్థులు అట్టలు చంకన బెట్టుకొని ఆ కొండకు పోవుదురు. నేనును పలుమారు వారి వెంట పోయితిని. పిల్లలు తిన్నగా పెద్ద ఫలకముల ముందు చతికిలబడి బుద్ధుని కథలు గీయ మొదలిడుదురు. నేను వారిని లేపి, శకవేషధారియై శూలము పట్టి నిలిచిన భటుని స్తంభము నొద్దకు తీసికొనిపోవుదును. పదియేడు వందల యేండ్లనాడు మన కృష్ణాతీరమున ఎవడో పరదేశి వచ్చి పొడుగుచొక్కా తొడిగి తిరుగుచుండగా, శిల్పి వానిని చూచి, చొక్కా మడతలనుకూడ వదలక చెక్కెను. సింహళ భిక్షువులకొక విహారమున్న ఆ లోయలో, కాశ్మీర గాంధారములనుండి చీనాదేశమువరకు గల ప్రాంతముల పేర్లు శాసనమున కెక్కినవి. అది ఒక విద్యాస్థానము. దాని నల్లబల్లపై ఎట్టి కబుర్లు వ్రాసికొనిరో నాకు తెలిసిన బాగుండునని లాంచీలో తిరిగివచ్చునపుడెల్ల తోచును.

ఆ శిల్పములన్నియు లేతపచ్చని సున్నపురాయి. పిడుగురాళ్ళ బట్టీలలో కాలి సున్నమగునది, దాచేపల్లిలో పలకలై విడివడునది, మాచెర్ల బండయను పేర ఇండ్ల నేలలకు పరచుకొనునది, అన్నియు ఆ వంశమే.

మాచెర్లకు చేరువనున్న దుర్గిలో రాతిపని నేటికిని సాగుచున్నది. దుర్గి శిల్పములకు భౌగోళిక సూచిక గుర్తింపును లభించినది. ఒకమారు లాంచీ ప్రయాణమునుండి మరలుచు మా పిల్లలను అక్కడ దింపితిని. వేపచెట్టు నీడలో, ఉలిని కాలివ్రేళ్ళ మధ్య గ్రుచ్చిపెట్టి బీడీ వెలిగించుకొనుచున్న ఒక పెద్దశిల్పికి, మా తరగతిలో మొదటివాడను పేరుగల కుఱ్ఱవాడు తన పుస్తకము తెరచి, చేయి బారచాచి నిలిచిన నర్తకి బొమ్మను చూపెను. ఆయన చాలసేపు చూచి, "బాగుంది బాబూ. ఈ చెయ్యి మాత్రం రాతిలో నిలవదు, ఇరుగుద్ది. తామరకాడ ఒకటి పట్టించు, బరువు కాడమీద ఆనుకుంటది" అనెను. కుఱ్ఱవాడు తెల్లబోయెను. అంతవరకు కొండమీది బొమ్మలలోని లతలను, కాడలను అలంకారములని వాడు తరగతిలో వ్రాసికొనియుండెను. వానిలో కొన్ని దూలములు గూడ కావచ్చునని అపుడు తెలిసెను. ఆ శిల్పి కొడుకు ప్రక్కనే నంది గంగడోలు నునుపు చేయుచుండెను. తండ్రి వానితో ఒక్క మాటయు ఆడక, లేచిపోవుచు వాని ఉలి కోణమును వ్రేలితో రవంత వంచి వెళ్ళెను. మా గురువులు అరగంట ఉపన్యసించి చేయు విమర్శ అది.

వసతిగృహపు భోజనమును గూర్చి చెప్పకున్న పిల్లలు నన్ను క్షమింపరు. సున్నము గట్టిన పళ్ళెములు, నీళ్ళ పప్పు మామూలే. కాని ప్రదర్శనకు ముందు వారము శాలలు రాత్రియంతయు తెరచియుండగా, పది చేతులు రంగులలో మునిగియుండుటచేత ఒకడు అన్నము కలిపి వరుసగా అందరి నోటను ముద్దలు పెట్టుచు పోవును. కారెంపూడి వైపునుండి వచ్చిన పిల్లవాడొకడు దానికి చాపకూడు అని పేరు పెట్టెను. కార్తిక అమావాస్యకు మొదలై అయిదు దినములు సాగు పల్నాటి వీరుల ఉత్సవములలో, మందపోరునాడు బ్రహ్మనాయుని చాపకూటిని స్మరించి అందరు నొక్క పంక్తిని భుజించుట ఎరిగినవారికి ఆ పేరు చక్కగా అతికినది. మిగిలిన జిల్లాల పిల్లలును అర్థము తెలియకయే ఆ మాట పట్టుకొని వాడుచున్నారట.

శివరాత్రికి మన పిల్లలు కళాశాలలో నిలువరు. కోటప్పకొండకు ప్రభలు కట్టు ఊళ్ళనుండి తండ్రుల పిలుపు వచ్చును. వెదుళ్ళు, మోకులు, రంగుగుడ్డలు, వేలకొలది దీపములతో తాటిచెట్టును మించి లేచు ప్రభ, రోడ్డు గుంతలలో ఊగుచు, తీగల క్రింద వంగుచు కొండదాక నడచుట చూచినవానికి, నిర్మాణవిద్యను గూర్చి పుస్తకము చెప్పవలసినది కొంచెమే. నగరములోని డిజైను తరగతిలో తూకము, నిష్పత్తి నేర్చివచ్చిన మా శిష్యుడొకడు, ఈసారి ప్రభపై రంగులు తగ్గించి తెలుపు ఎక్కువ చేయుదమని ఊరిపెద్దలకు ప్రతిపాదించెను. "పక్కూరోళ్ళు నవ్వుతార్రా" అని వారు త్రోసిపుచ్చిరి. నేను పెద్దల పక్షమున నుంటిని. శివరాత్రి తిరునాళ్ళలో మితవర్ణతను ఎవరు కోరిరి?

ఇపుడు మొదటి రైతు కడకు మరల వత్తును. ఆయన కుమారుడు కళాశాలలో చేరి ఏడాదియైన పిమ్మట ఒకనాటి రాత్రి నాకు ఫోను చేసెను. శిలాముద్రణశాలలోని పాతరాళ్ళు నూరగా నూరగా పలుచబడి, ఒకటి యంత్రము క్రింద పగిలినదట. జర్మనీ రాయి కొనుట కళాశాలకు సాధ్యము కాదట. "మేష్టారూ, మన మాచెర్ల బండ ఒకటి పంపుతారా? రెండున్నర అంగుళాల మందం. నూరి చూద్దాం" అనెను. మన బండ పొరలుగా విడుగుణము గలది, ఒత్తిడికి ఆగునో ఆగదో, చారలలో సిరా చిక్కునో యేమో యని నాకు సందేహము. ఐనను కాదనలేకపోయితిని.

వాని తండ్రియు, నేనును బండలు కోయు తావునకు పోతిమి. యజమాని టేపు చేతబట్టి, "ఎన్నడుగులు కావాలండీ?" అనెను. ఒక్క ముక్క చాలునంటిమి. "ఒక్కటేం చేసుకుంటారు, బట్టలుతకటానికా?" అని నవ్వి, పద్దెనిమిది అంగుళముల పొడవున, పదునాలుగు అంగుళముల వెడల్పున కోయించి, డబ్బు తీసికొనకయే ఇచ్చెను. పాతిక కిలోలు దాటు ఆ రాతిని రైతు బిడ్డనెత్తినట్లు రొమ్మునకు ఆనించుకొని బస్సుదాక మోసెను. కండక్టరు దానికి లగేజి కొట్టెను. రైతు దానిని సీటు క్రింద నిలువున ఆనించి, కుదుపులకు పగులకుండ తన తువ్వాలును మడిచి అడుగున పెట్టి దిగివచ్చి, నావైపు తిరిగి, "అయితే మేష్టారూ, ఇది ఇంతా చేసి నూరి నూరి, ఒకడేసిన బొమ్మ ఇంకొకడు చెరుపుతాడా?" అనెను. అవునంటిని. ఆయన కొంచెము సేపు ఆలోచించి, "సరేలే. చెరిపేలోపల కాయితం మీద ఒకటి గుద్ది నాకు పంపమనండి" అనెను.

ఆ కాగితము ఇంకను రాలేదు. వచ్చినచో చెప్పుదును. సెలవు.